చెయ్యి నాది, నమ్మకం ఆవిడది

నలభై ఆరో ఏట నా కుడి చెయ్యి పనిచేయడం మానేసింది. బడి తెరిచి నెల కూడా కాలేదు. తొమ్మిదో తరగతిలో బోర్డు మీద భారతదేశం పటం గీస్తున్నాను. పుస్తకం చూడకుండా, సుద్దముక్క ఎత్తకుండా, కాశ్మీరు దగ్గర మొదలుపెట్టి మళ్లీ కాశ్మీరుకే తెచ్చి కలపడం నాకు పెద్ద గొప్ప. చుట్టుపక్కల నాలుగు మండలాల్లో ఏ సోషల్ మేస్టారికీ అది చేతకాదని నేనే అందరికీ చెప్పుకునేవాణ్ని. ఆ రోజు గుజరాత్ దాటి కిందికి దిగుతుంటే సుద్దముక్క జారిపోయింది. తీసుకుందామని వంగితే వేళ్లు ముడుచుకోలేదు. ఆ వెనకే కాలూ మాట వినలేదు. నేను పడ్డాను, పిల్లలు నవ్వారు. ఎంతకీ లేవకపోయేసరికి ఆపారు.

గుంటూరు ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాం. పంపించే ముందు డాక్టరు గారు గుండుసూదితో నా ఎడమ చేతిని పొడిచారు. "అబ్బా!" అన్నాను. తర్వాత కుడి చేతిని పొడిచారు. ఎక్కడ పొడిచారో చూసి తెలుసుకున్నాను.

"కదలిక చాలావరకు వస్తుంది మేస్టారూ. స్పర్శ సంగతి నేను చెప్పలేను. రావచ్చు, రాకపోవచ్చు. రోజూ గంటసేపు నడవండి, రోజూ ఒక పేజీ ఆ చేత్తోనే రాయండి. మానేశారో, ఆ వచ్చేది కూడా రాదు" అన్నారు.

"ఏం రాయమంటారండీ?"

"ఏదైనా రాయండి. దానికేముంది?"

ఆయన పేషెంట్లందరికీ అదే చెబుతారట. ఎంతమంది రాశారో అడగలేదు.

మా ఊరు గుంటూరు జిల్లా అయిపోయి ప్రకాశం మొదలయ్యే చోట ఉంటుంది. మిరప, పత్తి, మళ్లీ మిరప. అప్పటికి ఊళ్లో సెల్‌ఫోన్లు ముగ్గురికో నలుగురికో ఉండేవి, వాళ్లు కూడా సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు ఎక్కేవాళ్లు. ఇంటికొచ్చిన వారానికి నేను వంటింట్లో పొయ్యి మీది పాలగిన్నె పట్టుకుని దింపాను. దింపి, మా ఆవిడకి చూపిద్దామని అలాగే పట్టుకుని నిలబడ్డాను. కుడి చేత్తో గిన్నె పట్టుకోగలిగానని నా సంతోషం. ఆవిడ కెవ్వుమని కేక వేసేదాకా చెయ్యి కాలుతోందని నాకు తెలియలేదు. సాయంత్రానికి అరచేయంతా బొబ్బలు. ఒక్క బొబ్బ కూడా నొప్పి పెట్టలేదు. పక్షవాతం వచ్చినప్పుడు కూడా అంత భయం వేయలేదు నాకు. ఆ చెయ్యి నా భుజానికి వేలాడుతోంది గానీ నాది కాదనిపించింది. నాకది వెనక్కి కావాలి. ఇంకేమీ అక్కర్లేదు.

అంత కావాలనుకున్నవాడు మర్నాటి నుంచి దీక్షగా నడవాలి, రాయాలి కదా. నాలుగు రోజులు చేశాను.

డైరీ కొన్నాను. మొదటి రోజు, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, కోడి కెలికినట్టు ఇలా రాశాను: "ఈ రోజు లేచాను. ఇడ్లీ తిన్నాను." రెండో రోజు: "ఈ రోజు లేచాను. దోసె తిన్నాను." మూడో రోజు మళ్లీ ఇడ్లీ. నాలుగో రోజు మా ఆవిడ ఉప్మా చేసింది, నాకు ఉప్మా పడదు, దాంతో రాయడం మానేశాను. పేపరు చూసి రాయమన్నారెవరో. రాస్తూ రాస్తూ చదవడంలో పడి, పేపరంతా చదివేసి, మడిచి పెట్టేవాణ్ని. కథ రాయమన్నాడు నా మిత్రుడు. "ఒక ఊళ్లో ఒక మేస్టారు ఉండేవాడు" అన్న దగ్గర ఆగిపోయింది. ఆ మేస్టారు తర్వాత ఏం చేశాడో నాకే తెలియదు.

నడక సంగతి ఇంకా అన్యాయం. రోడ్డు మీదికి వెళితే చీమకుర్తి వైపు నుంచి రాళ్ల లారీలు. ఒక్కో రాయి మా ఇంటి ముందుగది అంత ఉంటుంది, దానికి కట్టిన గొలుసు చూస్తే మేకను కట్టేదిలా ఉంటుంది. నేను కాలు ఈడుస్తూ మార్జిన్ దిగేలోపు లారీ మీదికొచ్చేది. పొలం గట్ల మీదికి వెళితే నల్లరేగడి. రెండు చినుకులు పడితే చెప్పుకు అరకిలో మట్టి. ఊళ్లో వీధుల్లో నడిస్తే కుక్కలు. ఇన్నేళ్లూ నన్ను చూసి తోక ఊపిన కుక్కలే, కాలు ఈడ్చేసరికి నన్ను దొంగను చేశాయి.

రెండు నెలల తర్వాత బడికి వెళ్లాను. నోటితో పాఠం చెబితే క్లాసు లీడరు బోర్డు మీద రాసేది. చక్కటి దస్తూరీ ఆ పిల్లది. పటం మాత్రం గీయలేకపోయింది. గోడకు అచ్చు పటం తగిలించి బెత్తంతో చూపించాను. ఇంటికొచ్చి మా ఆవిడ మీద అకారణంగా విరుచుకుపడ్డాను.

ఆవిడ వెంటనే సమాధానం చెప్పే మనిషి కాదు. మర్నాడు పొద్దున తన రామకోటి పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

ఇక్కడ నా గురించి ఒక సంగతి చెప్పాలి. నేనూ, నా మిత్రుడూ కలిసి మా ఊళ్లో హేతువాద సంఘం పెట్టాం. వాడు మా బళ్లోనే సైన్సు మేస్టారు, ఒకటో తరగతి నుంచీ నా పక్క బెంచీ. సంఘంలో ఏడుగురు సభ్యులం. అందులో ఇద్దరు టీ కోసం వచ్చేవాళ్లు. చేతబడి లేదని శ్మశానంలో కూర్చుని పులిహోర తిని చూపించాం. అమావాస్య నాడు ఇంటికి సున్నం వేయించాను. మా ఆవిడ అవన్నీ చూస్తూ, పదకొండేళ్లుగా తన గళ్ల పుస్తకంలో తన శ్రీరామలు తను రాసుకుంటూ ఉండేది. ఒకరి జోలికి ఒకరం వెళ్లేవాళ్లం కాదు.

"నాకు కళ్లద్దాలు మారాయి, గళ్లు అలుక్కుపోతున్నాయి. మీరు రాసిపెట్టండి" అంది.

"నేనా? నాకు నమ్మకం లేదని నీకు తెలియదూ?"

"మీకు నమ్మకం ఎందుకండీ? అది నాకుందిగా. మీరు చెయ్యి పెట్టండి చాలు."

ఇరవై ఏళ్లు ఉపన్యాసాలిచ్చినవాణ్ని, ఈ మాటలో తప్పు వెతికాను. ఎంత ఆలోచించినా అందులో శాస్త్రీయంగా తప్పేమీ కనిపించలేదు. డాక్టరు గారు ఏదైనా రాయమన్నారు. ఇది ఏదైనాలోకి వస్తుంది. ఏం రాయాలా అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఇడ్లీ, దోసె అని మార్చనక్కర్లేదు. గడికొక శ్రీరామ. మొదటి రోజు ఒక్క వరస రాసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. గడిలో పట్టాల్సిన అక్షరం మూడు గళ్లు మింగింది. మా ఆవిడ చూసి, "ఫరవాలేదు, చిన్నపిల్లలు కూడా ఇలాగే మొదలుపెడతారు" అంది. స్నానం చేశాకే రాయాలంది. పుస్తకం నేల మీద పెట్టకూడదంది. రాస్తున్నంతసేపూ మాట్లాడకూడదంది. ఈ మూడో నియమం శాస్త్రంలో ఉందో ఆవిడే కలిపిందో ఇప్పటికీ తేలలేదు.

నడకకు కూడా ఆవిడే దారి చూపించింది. రామాలయం చుట్టూ బండలు పరిచి ఉంటాయి. లారీలు రావు, బురద ఉండదు, కుక్కల్ని పూజారి గారు రానివ్వరు. ఊరు మొత్తానికి కాలు ఈడ్చుకునేవాడు నడవగలిగిన జాగా అదొక్కటే. సరే, వెళ్లాను. నాలుగు రోజులు నడిచాక నాకొక లోపం తోచింది. ప్రదక్షిణం చేస్తే గుడి ఎప్పుడూ కుడివైపు ఉంటుంది. అంటే మలుపులో కుడికాలు లోపలివైపు, తక్కువ దూరం. పనంతా ఎడమ కాలిదే. ఆరోగ్యంగా ఉన్న కాలికి వ్యాయామం చేయించి, పడిపోయిన కాలికి విశ్రాంతి ఇస్తున్నానన్నమాట. ఐదో రోజు నుంచి గుడిని ఎడమవైపు పెట్టుకుని, ఎదురుదిక్కులో నడవడం మొదలుపెట్టాను.

ఎదురుగా వచ్చే ఆడవాళ్లు ముందు తప్పుకున్నారు, తర్వాత ఆగారు, తర్వాత నోళ్లు నొక్కుకున్నారు. ఆ ఏడు మిరపకు బొబ్బర తెగులు వచ్చింది. అది ఏటా వస్తుంది, ఆకు ముడుచుకుపోతుంది, మందు కొడతారు. ఆ ఏడు మాత్రం సోషల్ మేస్టారు గుడి చుట్టూ తిరగేసి తిరగడం వల్ల వచ్చింది. ఒక రైతు మా ఇంటి ముందు సైకిలు ఆపి, "మేస్టారూ, మీకూ దేవుడికీ ఏవన్నా ఉంటే మీరూ మీరూ చూసుకోండి. మజ్జెన మా చేలేం జేశాయి?" అని అరిచి వెళ్లిపోయాడు.

పూజారి గారు మంచి మనిషి. పక్కకు పిలిచి, "మేస్టారండీ, పదిన్నరకి తలుపులు మూసేస్తాను. ఆదివారాలూ సెలవలప్పుడూ ఆ తర్వాత వచ్చి ఎటు కావాలంటే అటు తిరగండి. మిగతా రోజుల్లో మాత్రం అందరితో పాటు నడవండి" అన్నారు.

"తలుపు మూస్తే దేవుడు ఉండడాండీ?"

"ఉంటాడండి. జనం ఉండరు."

ఈ అపప్రదక్షిణం కబురు నా మిత్రుడికి చేరింది. వాడు దాన్ని ఉద్యమం అనుకున్నాడు. సంఘం తరఫున అభినందించడానికి మైసూరుపాకు పొట్లంతో మా ఇంటికొచ్చాడు. "ఒరేయ్, ఈ స్థితిలో కూడా ఎంత పని చేశావురా! గుడికే వెళ్లి వాళ్ల మొహానే..." అంటూ లోపలికొచ్చి, బల్ల మీద నేను రాస్తున్న పుస్తకం చూసి ఆగాడు. నా తల తడి ఇంకా ఆరలేదు, స్నానం చేసి వచ్చినట్టు తెలుస్తూనే ఉంది. రాస్తున్నాను కాబట్టి మాట్లాడకూడదు. వేలు చూపించి ఆగమన్నాను. వరస పూర్తయ్యేదాకా వాడు పొట్లం పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంట్రా ఇది?"

"చేతికి ఎక్సర్‌సైజురా."

"సిగ్గు లేదూ? ఎక్సర్‌సైజు చెయ్యాలంటే లోకంలో ఇదొక్కటే దొరికిందా నీకు?"

నేను ఇడ్లీ దోసెల సంగతి చెప్పాను. వాడు వినలేదు. పొట్లంతో సహా వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ తెచ్చాడు. మొదటి పేజీలో మొదటి వరస తనే రాశాడు: "దేవుడు లేడు." కింద అంతా ఖాళీ.

"ఇది రాయి. రోజుకో పేజీ. కోటి రాయి. చేతికి చెయ్యీ వస్తుంది, మన సిద్ధాంతమూ నిలబడుతుంది" అన్నాడు.

వాడు నా కోసమే చేశాడు. ఆ ప్రేమ నాకు తెలుసు. అందుకే నిజాయితీగా మూడు రోజులు రాశాను. ఏం చెప్పను! నేను పూర్తిగా నమ్మే మాట అది. కానీ పదో వరస దగ్గర, అందుకు రుజువేమిటని నాలో నేనే అడగడం, జవాబు చెప్పుకోవడం, జవాబు ఇంకాస్త గట్టిగా ఉండాలనుకోవడం. కలం ఆగిపోయేది. నమ్మిన మాటతో వాదన ఉంటుంది. నమ్మని మాటతో నాకు ఏ పేచీ లేదు, చెయ్యి దాని మానాన అది పోయేది. ఇంకోటి, రామకోటి ఎంతవరకు వచ్చిందో గుళ్లో ఆడవాళ్లు రోజూ అడిగేవాళ్లు. ఒక పూట వెళ్లకపోతే, "నిన్న రాలేదేంది మేస్టారూ, ఒంట్లో బాలేదా?" అని అరుగు మీదినుంచే కేకేసేవాళ్లు. వాళ్లకి జవాబు చెప్పలేకే చాలాసార్లు వెళ్లాను. ఉత్సాహం, పట్టుదల అని పుస్తకాల్లో రాస్తారే, నాకు అవేవీ లేవు. అడిగేవాళ్లున్నారు. "దేవుడు లేడు" ఎంతవరకు వచ్చిందని మా ఊళ్లో ఎవరడుగుతారు?

నాలుగో రోజు నోట్‌బుక్ తీసుకెళ్లి వాడి టేబుల్ మీద పెట్టి, "నావల్ల కాలేదురా" అన్నాను.

వాడు నా మొహం చూడలేదు. "చెల్లెమ్మ రాసిందంటే అర్థం ఉంది. నువ్వు?" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి స్టాఫ్‌రూములో వాడు కిటికీ వైపు, నేను తలుపు వైపు. నెల సమావేశానికి నాకు కబురు రాలేదు. నాలుగు నెలలు మాట్లాడుకోలేదు మేము. నలభై ఏళ్లలో నాలుగు రోజులు కూడా అలా ఉన్నది లేదు. చేతికి స్పర్శ లేదు, మాట్లాడటానికి వాడు లేడు. ఈ రెంటిలో ఏది ఎక్కువ బాధ అని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేవాణ్ని. ఖర్మ అందామంటే ఆ మాట మా సంఘంలో నిషేధం.

ఈలోపు అక్షరం మూడు గళ్ల నుంచి రెండు గళ్లకు, రెండు నుంచి ఒక గడిలోకి దిగింది. కాలు ఈడ్వడం తగ్గింది. చొక్కా గుండీలు నేనే పెట్టుకుంటున్నాను. కలం పట్టుకున్నానో లేదో మాత్రం చూస్తేనే తెలిసేది. గుంటూరు వెళితే డాక్టరు గారు మళ్లీ సూదితో పొడిచారు. నేను గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. "పొడిచాను మేస్టారూ" అన్నారు. పెదవి విరిచి, "రాయడం మానకండి" అన్నారు.  

మార్చిలో ఒక పొద్దున నా మిత్రుడి భార్య మా గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది. వాళ్లకు రెండెకరాల మిరప. కోసిన కాయంతా కల్లంలో, అంటే ఆరబెట్టే జాగాలో, పరిచి ఉంది. ఆకాశం చూస్తే మబ్బు. కూలోళ్లు ఇంకో కల్లానికి వెళ్లిపోయారు. ఎండిన కాయలోంచి రంగు పోయిన తాలు కాయలు ఏరి, మంచివి బస్తాలకెత్తకపోతే, ఒక్క వానకి కాయంతా బూజు పడుతుంది.

"వదినా, ఒక్క చెయ్యి సాయం రా. అన్నయ్య గారూ, మీరూ..." అని నా చెయ్యి చూసి నాలిక కరుచుకుంది.

"ఆయనా వస్తారు. ఆ చేతికి పనే గదా కావాల్సింది" అంది మా ఆవిడ.

వెళ్లాను. ఊరి చివర కల్లంలో సాయానికొచ్చిన ఇరుగుపొరుగు పదిమంది దాకా ఉన్నారు. నాలాగే బడికి సెలవు పెట్టి, వాడు బస్తాలు కుడుతున్నాడు. నన్ను చూసి దబ్బనం కింద పెట్టాడు, మళ్లీ తీసుకున్నాడు. కుప్పకు ఇటు నేను, అటు వాడు. ఒక్కో తాలు కాయా కుడి చేత్తో ఏరడం మొదలుపెట్టాను, అలిసిపోతే ఎడమ చేత్తో. మిరప కాయ పట్టుకున్న చెయ్యి గంటలో మండుతుంది. మా వైపు పుట్టినవాళ్లకి అది తెలిసిందే. మధ్యాహ్నానికి అందరూ మజ్జిగలో చేతులు ముంచుకుంటున్నారు. నా ఎడమ చెయ్యి నిప్పులా ఉంది. కుడి చెయ్యి హాయిగా ఉంది.

"కుడి చెయ్యి మండట్లేదా మేస్టారూ? అదృష్టవంతులు" అంది పక్కన కూర్చున్న ముసలామె, మంచి మనసుతోనే.

నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు.

ఆ రోజు వాన రాలేదు. మబ్బు మాత్రం పోలేదు. రెండో రోజూ వెళ్లాం. రెండో రోజూ అదే అదృష్టం. మూడో రోజు ఒక్క కుప్ప మిగిలింది. పొద్దున పదకొండింటప్పుడు కుడి బొటనవేలి మొదట్లో చీమ కుట్టినట్టయింది. దులుపుకున్నాను. మళ్లీ కుట్టింది. చూస్తే చీమ లేదు. చెయ్యి తిప్పి చూశాను. గీత లేదు, ముల్లు లేదు. అప్పుడు చూపుడు వేలు. తర్వాత అరచేయి మధ్య.  ఎవరికీ చెప్పలేదు, చెబితే పోతుందేమోనన్నంత పిరికితనం వచ్చింది, ఇన్నేళ్ల హేతువాదిని. చెయ్యి మణికట్టుదాకా కుప్పలో దూర్చి, గుప్పెడు కాయలు పట్టుకుని నలిపాను. ఇంకా నలిపాను. గింజలు వేళ్ల సందుల్లోంచి కారాయి.

"ఏరా, ఏం చేస్తున్నావురా?"

నాలుగు నెలల తర్వాత వాడి నోటివెంట వచ్చిన మొదటి మాట అది. కోపంగానే వచ్చింది. వాడి కాయ అది, నేను పాడుచేస్తున్నాను మరి.

"మండుతోందిరా" అన్నాను.

"మండదా మరి? మిరపకాయ గదా."

"కుడిదిరా."

వాడు దబ్బనం వదిలేశాడు. కుప్ప తొక్కుకుంటూనే వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. నా చెయ్యి తీసుకుని వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. సైన్సు మేస్టారు గదా, నన్ను కళ్లు మూసుకోమన్నాడు. చిటికెనవేలు నొక్కి, "ఏ వేలు?" అన్నాడు. "చిటికెన." "ఇది?" "ఉంగరం వేలు." "ఇది?"  ఏడుపొచ్చేసింది. బాహాటంగా, పదిమందిలో ఏడ్చాను. మిరప కల్లంలో ఏడిస్తే ఎందుకని ఎవరూ అడగరు, అదొక్కటే నయం.

కళ్లు తెరిచేసరికి మా ఆవిడ కుప్ప అవతల కళ్లు మూసుకుని, కారం చేతులు రెండూ జోడించి ఉంది. వాడూ అటు చూశాడు. వాడు చూశాడని నేను చూశాను. నోరు తెరిచి ఏదో అంటాడనుకున్నాను. లేచి, తనే వెళ్లి చెంబుతో మజ్జిగ తెచ్చాడు.

"చేతులు పట్టు" అన్నాడు.

రెండు చేతులూ చాపాను. ముందు ఎడమ చేతి మీద పోశాడు. చల్లగా, ప్రాణం లేచొచ్చింది. చెంబు కుడి చేతి మీదికి వంచబోతుంటే వెనక్కి తీసుకున్నాను.

"దీనికొద్దురా. కాసేపు మండనీ."

వాడు చెంబు పక్కన పెట్టి, నా దగ్గరే కూర్చున్నాడు.